స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ కార్డు వచ్చింది, నీళ్లలో నిలకడ మాత్రం రాలేదు. తప్పు నాదా, నేర్పిన తీరుదా?

అలలపిట్ట
పోయిన డిసెంబర్‌లో సెలవు పెట్టుకుని వెళ్లి, డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. మూడున్నర రోజుల్లో కార్డు చేతికొచ్చింది. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాను. ఫిబ్రవరిలో ఫ్రెండ్స్‌తో కలిసి మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి వెళ్లాను. అక్కడ జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

దిగడం బాగానే దిగాను. కిందకి వెళ్లాక మొదలైంది తిప్పలు. కాసేపు పగడాల మీద పడబోతాను, భయమేసి బటన్ నొక్కి జాకెట్‌లోకి గాలి ఎక్కిస్తే పైకి లేచిపోతాను, ఆ గాలి వదిలితే మళ్లీ రాయిలా కిందకి. 24 నిమిషాలకే నా సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ నుంచి 50కి వచ్చేసింది. మిగతా వాళ్ల దగ్గర ఇంకా 100 పైనే ఉంది. నా కోసం అందరూ పైకి రావాల్సి వచ్చింది. నీటిపైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు సేఫ్టీ స్టాప్ అని ఆగాలి కదా, నేను ఒక్క నిమిషం కూడా ఆగలేకపోయాను, బుడగలా తేలిపోతుంటే గైడ్ నా కాలి ఫిన్ పట్టుకుని లాగాడు. ఆ గొడవలో మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి. కోర్సులో చేసిన మాస్క్ క్లియరింగ్, అంటే ఆ నీళ్లు బయటికి పోగొట్టడం, ఒక్క ముక్క గుర్తు రాలేదు. రెండో డైవ్‌కి దిగలేదు, పడవలోనే కూర్చుండిపోయాను.

కోర్సులో అన్నీ చేశాను. మేం ఆరుగురం, ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే. అందర్నీ అడుగున మోకాళ్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో ఒక్కోసారి చేయించి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓకే అనేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఇది నాకు రాని విద్యా, సరిగ్గా నేర్పలేదా? మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

కిందామీదా
ఇది నేను రాసిన పోస్టేమో అని పైన పేరు మళ్లీ చూసుకున్నాను. ఫాలో అవుతున్నా.

భీమిలి_బీచ్
నడుముకి బరువు ఎంత కట్టారు? మీ ఒళ్లు బరువెంత, సూట్ ఎంత మందం? ముందు అవి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

అలలపిట్ట
నా బరువు 58 కిలోలు. సూట్ 3 మిల్లీమీటర్లు. బెల్ట్‌కి 8 కిలోలు పెట్టారు. అంత లేకపోతే కొత్తవాళ్లు దిగలేరు అన్నారు. కోర్సులో కూడా అంతే పెట్టారని గుర్తు.

భీమిలి_బీచ్
ఎనిమిదా! సగం జబ్బు అక్కడే దొరికింది.

సీసం ఎక్కువైతే మిమ్మల్ని కిందకి లాగుతుంది. దాన్ని సరిచేయడానికి బీసీడీలోకి, అంటే ఆ జాకెట్‌లోకి, గాలి ఎక్కువ నింపుతారు. ఆ గాలి ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. ఒక మీటరు పైకి లేస్తే అది ఉబ్బుతుంది, ఉబ్బితే మిమ్మల్ని ఇంకాస్త లేపుతుంది, లేచేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. కిందకి జారితే దీనికి వ్యతిరేకంగా నలుగుతుంది, నలిగేకొద్దీ ఇంకా జారతారు. సంచిలో గాలి ఎంత ఎక్కువుంటే ఈ ఉయ్యాల అంత పెద్దది. సరిపడా బరువుతో దిగినవాళ్ల జాకెట్‌లో గాలి కొంచెమే ఉంటుంది, అందుకే వాళ్లు కుదురుగా కనిపిస్తారు. వాళ్లకేదో ప్రత్యేకమైన విద్య ఉందని కాదు.

ఇంకో సంగతి. 20 మీటర్ల నుంచి 10కి వస్తే గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది. 10 నుంచి నీటిపైకి వస్తే రెట్టింపు. అంటే పైకొచ్చేకొద్దీ ఆ ఉయ్యాల ఊపు పెరుగుతుంది. అందుకే 5 మీటర్ల దగ్గర నిలబడటం 15 మీటర్ల దగ్గర నిలబడటం కన్నా కష్టం. మీరు తేలిపోయింది సరిగ్గా అక్కడే. దానికి తోడు నిండు సిలిండర్‌లో ఉండే గాలే రెండున్నర కిలోలు తూగుతుంది. డైవ్ చివరికి వచ్చేసరికి అందులో చాలాభాగం మీరు పీల్చి వదిలేశారు, అంటే రెండు కిలోల దాకా తేలికయ్యారు. అప్పుడు జాకెట్‌లో పాత గాలి అలాగే ఉంచుకుంటే తేలక ఏమవుతారు?

అలలపిట్ట
ఇది నాకెవరూ చెప్పలేదు. సిలిండర్ తేలికవుతుందన్న ఆలోచనే రాలేదు.

గోదారి_గట్టు
ఇంత లెక్కలు ఎందుకండీ. మా ఊళ్లో నాకు ఈత ఎవరూ నేర్పలేదు. వీపుకి జీలుగు బెండ్లు కట్టి మా మావయ్య కాలవలోకి తోశాడు, వచ్చేసింది. డైవింగ్ కూడా అంతే. కోర్సు అనేది తలుపు తీయడం వరకే, ఆ తర్వాత పది ఇరవై డైవ్‌లు చేస్తే శరీరమే నేర్చుకుంటుంది. అందరూ మొదట్లో ఇలాగే ఉంటారు. ఇన్‌స్ట్రక్టర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ రాదు.

ఎడారి_చేప
గోదారి గట్టు అన్నా, మీ మాట సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. నేనుండేది షార్జాలో. సెలవొస్తే ఫుజైరా వైపు వెళ్లి దిగుతాను. అలా 60 డైవ్‌లు చేశాక కూడా చేతులు ఆడిస్తూనే ఉన్నాను, 35 నిమిషాలకి మించి గాలి సరిపోయేది కాదు. శరీరం నేర్చుకుంటుందన్న మాట నిజమే, తప్పు కూడా అంతే గట్టిగా నేర్చుకుంటుంది.

తర్వాత ఒకాయన దగ్గర రెండు రోజులు ప్రత్యేకంగా నేర్చుకున్నాను. మొదటి డైవ్ మొత్తం ఆయన ఏమీ చెప్పకుండా నన్ను వీడియో తీశాడు. పైకొచ్చాక చూపించాడు. నేను చేపలా అడ్డంగా వెళ్తున్నాననుకున్నాను, వీడియోలో చూస్తే మెట్లెక్కుతున్న మనిషిలా ఉన్నాను. తల పైకి, కాళ్లు కిందకి, ఒళ్లంతా ఏటవాలు. ఆ వాలులో ఫిన్ తన్నితే ముందుకే కాదు, పైకి కూడా నెడుతుంది. ఆ పైకి నెట్టుడు ఆపడానికి జాకెట్‌లో గాలి తగ్గించి, బరువుగా ఈదుతున్నాను. తన్నడం ఆపగానే కిందకి పడతాను. 60 డైవ్‌లుగా జరుగుతున్నది ఇదే.

ఆయన చేసిన మార్పు చూస్తే నవ్వొస్తుంది. నడుము బెల్ట్ నుంచి ఒక కిలో బిళ్లలు రెండు తీసి, వీపు వెనక సిలిండర్ పట్టీకి పైభాగంలో తగిలించాడు. కాళ్లు వాటంతట అవే లేచాయి. చేతులు ముందుకి చాపి ఒకదాన్నొకటి పట్టుకోమన్నాడు, కదిపితే వేలు చూపించేవాడు. రెండో రోజు 52 నిమిషాలు ఉన్నాను. మనకి మనం కనపడం కదా నీళ్లలో. చూసి చెప్పేవాడు ఒకడు కావాలి.

గోదారి_గట్టు
రెండు బిళ్లలు జరిపినందుకు రెండు రోజుల ఫీజా!

ఎడారి_చేప
ఏ రెండు బిళ్లలు, ఎక్కడికి జరపాలో తెలిసినందుకు. మళ్లీ కట్టమన్నా కడతాను.

తాబేలు_నడక
నేను తొమ్మిదేళ్లుగా హేవ్‌లాక్‌లో నేర్పుతున్నాను. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. సొంతూరు సోంపేట వైపు. పొద్దున రెండు బ్యాచ్‌లు అయ్యాక ఇది చదివాను, కాస్త పొడుగ్గానే రాస్తాను.

అలలపిట్ట గారూ, మీకు రాని విద్య కాదు. మీకు చేయించారు, నేర్పలేదు. ఈ రెంటికీ చాలా దూరం. కార్డులిచ్చే సంస్థ పాడీ అనండి, ఇంకోటి అనండి, ఒక నైపుణ్యాన్ని విద్యార్థి కంగారు లేకుండా, తడబడకుండా, మళ్లీ అడిగితే మళ్లీ చేయగలిగితేనే వచ్చినట్టు లెక్క. ఒక్కసారి ఎలాగో గట్టెక్కితే వచ్చినట్టు కాదు. మాస్క్‌లోంచి నీళ్లు ఒకసారి పోగొట్టినప్పుడు మీ కళ్లు ఎలా ఉన్నాయో చూడాలి ఇన్‌స్ట్రక్టర్. కళ్లు పెద్దవై, బుడగలు గబగబా వస్తుంటే, నీళ్లు పోయినా సరే ఆ పని రానట్టే. ఇంకో మూడుసార్లు చేయించాలి, ఐదుసార్లయినా చేయించాలి, విసుగుపడకుండా.

మోకాళ్ల సంగతి. నేను కూడా మొదటి నాలుగేళ్లు అందర్నీ మోకాళ్ల మీదే కూర్చోబెట్టాను, నాకు అలాగే నేర్పారు కాబట్టి. అడుగున బరువుగా కూర్చుని చేసే పనికి, నీళ్ల మధ్యలో తేలుతూ చేసే పనికి పోలికే లేదు. సముద్రంలో మాస్క్‌లోకి నీళ్లొచ్చినప్పుడు కింద కూర్చోవడానికి నేల ఎక్కడుంది? 15 మీటర్ల కింద ఉంటుంది, లేదంటే పగడం ఉంటుంది. మాస్క్ మీదకి ధ్యాస పోగానే ఊపిరి బిగబట్టేస్తారు, పైకి లేస్తారు. మీకు నేత్రాణిలో జరిగింది ఇదే. రెండు పనులూ కలిపి ఎప్పుడూ చేయలేదు కాబట్టి రెండూ కలిసి వచ్చిపడ్డప్పుడు ఏదీ గుర్తు రాలేదు.

ఇప్పుడు నేను మొదటి గంటలో ఏ స్కిల్లూ చెప్పను. ఛాతీ లోతు నీళ్లలో బోర్లా పడుకోమంటాను, ఫిన్ కొసలు మాత్రం ఇసుకకి ఆనించి. జాకెట్‌లోకి గాలి కొంచెం కొంచెంగా ఎక్కించి, ఇక ఊపిరి మీదే ఉండమంటాను. మెల్లగా పీల్చితే వెంటనే ఏమీ కాదు. ఒకటి, రెండు లెక్కపెట్టేలోపు ఛాతీ ఇసుక నుంచి విడివడి లేస్తుంది. మెల్లగా వదిలితే మళ్లీ అంతే ఆలస్యంగా దిగుతుంది. ఆ రెండు క్షణాల ఆలస్యం ఉంది చూడండి, బయాన్సీ, అంటే నీళ్లలో మునగకుండా, లేవకుండా నిలబడటం, అంతా అందులోనే ఉంది. కొత్తవాళ్లు పీల్చగానే లేవలేదని బటన్ నొక్కుతారు. ఈలోపు ఊపిరి పని చేస్తుంది, బటనూ పని చేస్తుంది, పైకి లేచిపోతారు. ఆ ఆలస్యం శరీరానికి అలవాటయ్యేదాకా నేను చేపలు చూపించను. కొందరికి ఇరవై నిమిషాలు, కొందరికి రెండు గంటలు. అది అలవాటయ్యాక మాస్క్, రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చేది), ఒకరి గాలి ఇంకొకరు పంచుకోవడం, అన్నీ తేలుతూనే చేయిస్తాను.

భీమిలి_బీచ్
తాబేలు అన్నతో ఒక్క దగ్గర పేచీ. బాగా భయపడేవాళ్లని మొదటి పది నిమిషాలు మోకాళ్ల మీద ఉండనివ్వడంలో తప్పు లేదు. కాళ్ల కింద నేల ఉందన్న ధైర్యం కొందరికి కావాలి. తేలుతూనే చేయాలని పట్టుబడితే వాళ్లు మాస్క్ గురించి వినే స్థితిలోనే ఉండరు.

తాబేలు_నడక
పది నిమిషాలకి నేనూ ఒప్పుకుంటాను. నాలుగు రోజులూ అక్కడే ఉంచేయడం మీదే నా కోపం. పాడీ 2014 ప్రాంతంలో కోర్సుని తిరగరాసినప్పుడు బయాన్సీకి, శరీరం అడ్డంగా ఉంచడానికి ఎక్కువ చోటిచ్చింది. పుస్తకం మారింది, చాలా చోట్ల అలవాటు మారలేదు. సీజన్‌లో పడవ ఎదురుచూస్తుంటే, వెనక ఇంకో బ్యాచ్ నిలబడి ఉంటే, మోకాళ్ల వరస త్వరగా అయిపోతుంది మరి.

రాయలసీమ_రాయి
నాకు నేల ధైర్యం కాదు, నిలబడగలనన్న ధైర్యం కావాల్సి వచ్చింది. మాది అనంతపురం. 34 ఏళ్ల దాకా నడుము లోతు నీళ్లలోకి దిగలేదు, దిగడానికి నీళ్లుంటే కదా. ఈత నేర్చుకున్నదే ఈ కోర్సు కోసం. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి అంటే ఆరు నెలలు పట్టింది నాకు.

నాకు నేర్పినావిడ మొదటి రోజంతా నిలబడే లోతులోనే ఉంచింది. నేను ఎప్పుడు లేచి నిలబడినా ఎందుకు లేచావని ఒక్కసారి కూడా అడగలేదు. పక్కన నిలబడి ఎదురుచూసేది. మళ్లీ నేనే ముఖం పెట్టేవాణ్ణి. పదకొండుసార్లు లేచాను, పన్నెండోసారి లేవలేదు. కోర్సు ఆరు రోజులు పట్టింది, ఎక్కువ రోజులకి ఎక్కువ డబ్బు ముందే మాట్లాడుకున్నాం. ఇప్పుడు నాకు నీళ్లంటే భయం లేదు.

కిందామీదా
రాయి తేలింది. ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిన పోస్ట్ ఇదే అన్నా.

గోదారి_గట్టు
సరే, నా సంగతి కూడా చెప్తాను. మొన్నమొన్నటిదాకా నేను గజ ఈతగాడినే. రేవులో మునిగి అడుగున ఇసుక తెచ్చి చూపించేవాణ్ణి. అండమాన్‌లో మొదటిసారి డైవింగ్‌కి వెళ్తే ఆ ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు ప్రతి నిమిషం నా ముఖం ముందుకొచ్చి చేత్తో ఊపిరి వదులు, వదులు అని సైగ. ఈత రానివాళ్లని వదిలేసి నా వెంట పడ్డాడేమిటా అని చిరాకేసింది. ఎందుకంటారు?

తాబేలు_నడక
ఆ కుర్రాడు మంచి ఇన్‌స్ట్రక్టర్ గోదారి గారూ. నాకు కూడా గోదావరి వాళ్లు, కృష్ణా ఏటిగట్టు వాళ్లు, మోట బావుల్లో దూకి పెరిగినవాళ్లు వస్తే ఒక కన్ను వాళ్ల మీదే ఉంచుతాను. ఈత గొప్పగా వస్తుంది, భయం ఉండదు. కానీ నీళ్లలోకి ముఖం వెళ్లగానే ఊపిరి బిగబట్టడం చిన్నప్పటి నుంచి అలవాటు. రేవులో అది ప్రాణం కాపాడేది. పైన పీల్చిన గాలితో మునిగి, అదే గాలితో పైకొస్తారు కాబట్టి ఏమీ కాదు. సిలిండర్‌తో అలా కాదు. 10 మీటర్ల దగ్గర పీల్చిన గాలి ఆ లోతు ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తుల్లో రెట్టింపు కావాలని చూస్తుంది. నీటిపైకి దగ్గర్లో అయితే ఒకటి రెండు మీటర్లు లేచినా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. స్కూబాలో మొట్టమొదటి సూత్రం ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు అన్నదే. రెగ్యులేటర్ నోట్లో లేనప్పుడు కూడా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

గోదారి_గట్టు
ఈ మాట అతను పడవ మీద చెప్పే ఉంటాడు, నేనే ఈత వచ్చన్న ధీమాలో విని ఉండను. ఒప్పుకుంటున్నాను. తోసేస్తే వచ్చే విద్య కాదు ఇది.

చెవి_ముక్కు_గొంతు
ఆ విభాగం డాక్టర్‌ని, డైవర్‌ని కూడా. చెవుల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. నీటిపై నుంచి 10 మీటర్లకి వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, అందుకే చెవి ఇబ్బంది అంతా మొదటి కొన్ని మీటర్లలోనే. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదడం కాదు, నొప్పికి ముందే, అర మీటరుకోసారి మెల్లగా చెవులు సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. జలుబు ఉంటే ఆ రోజు దిగకండి. మాత్ర వేసుకుని దిగితే కింద ఉండగా మందు బలం తగ్గిపోతే, పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. తాడు పట్టుకుని, కాళ్లు కిందకి పెట్టి, విద్యార్థి చెవుల వేగంతో దింపేవాళ్లే మంచి ఇన్‌స్ట్రక్టర్లు. గుంపు మొత్తాన్ని ఒకే వేగంతో దింపే చోట పరువు పోయినా ఫర్వాలేదని ఆగండి, చెవి ముఖ్యం.

అలలపిట్ట
మాస్క్ సంగతి ఎవరైనా చెప్తారా? నిజం చెప్పాలంటే నాకు అన్నిటికన్నా భయం అదే. ముక్కులోకి నీళ్లు తగలగానే ఒళ్లంతా జల్లుమంటుంది.

చెరువుగట్టు_డల్లాస్
నాది చెప్తా అక్కా. నేను టెక్సాస్‌లో నేర్చుకున్నా. సముద్రం కాదు, చెరువు. కింద రెండు మీటర్ల అవతల ఏమీ కనిపించదు, చలి. మా కోర్సు ఆరు వారాలు సాగింది, వారానికో సాయంత్రం పూల్‌లో. అప్పుడు ఇంత సాగదీస్తారేంటి అనుకున్నా.

నాకూ ముక్కు సమస్యే. మా ఇన్‌స్ట్రక్టర్ నీళ్లలో కాకుండా ఇంటి దగ్గర పని ఇచ్చాడు. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, స్నోర్కెల్ గొట్టం నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం ముంచి ఊపిరి తీయమన్నాడు. మీరు ఇంట్లో గంగాళం ఉంటే అందులో చేయొచ్చు, పక్కన ఎవరినైనా ఉండమనండి. మొదటిసారి మూడు సెకన్లకి లేచిపోయా. ముక్కు తెరిచే ఉంటుంది, నీళ్లు అంచుదాకా వస్తాయి, కానీ నోటితోనే పీలుస్తున్నంతసేపు లోపలికి రావు. అది ఒళ్లు నమ్మాలి. నాలుగో రోజుకి రెండు నిమిషాలు ఉన్నా.

అది వచ్చాక క్లియరింగ్ సులువు. కాస్త పైకి చూస్తూ, మాస్క్ పై అంచుని నుదుటికి వేళ్లతో నొక్కి పట్టి, ముక్కుతో మెల్లగా, పొడుగ్గా వదలాలి. గాలి పైన చేరి నీళ్లని కింది అంచు నుంచి తోసేస్తుంది. అందరూ చేసే తప్పు గట్టిగా ఒక్కసారే చీదడం, లేదా నోటితో వదలడం. మెల్లగా వదిలితే ఒక్క ఊపిరికే ఖాళీ అవుతుంది.

భీమిలి_బీచ్
డల్లాస్ తమ్ముడు చెప్పింది బంగారం. పూల్‌లో మాస్క్ పూర్తిగా తీసి కనీసం నిమిషం ఊపిరి తీయడం కోర్సులో భాగమే. చాలామంది ఆ నిమిషం ఎలాగో లెక్కపెట్టి గడిపేస్తారు, ఒళ్లు నమ్మేదాకా ఉండరు.

మసక నీళ్ల గురించి కూడా ఒక మాట. మా రుషికొండ వైపు అండమాన్‌లో లాగా అద్దంలా ఉండదు. మసకగా ఉన్న రోజులే ఎక్కువ. అలాంటి నీళ్లలో చూపుకి ఆనవాలేమీ దొరకదు, అడుగున్నర లేచినా తెలియదు. లోతు చూపే గేజ్ చూడటం, చెవుల్లో ఒత్తిడి గమనించడం, జోడీగా దిగిన బడ్డీని చేయి చాపితే అందే దూరంలో ఉంచుకోవడం తప్పనిసరిగా అలవాటవుతాయి. ఇక్కడ నేర్చుకున్నవాళ్లు హేవ్‌లాక్ వెళ్తే హాయిగా ఉంటారు. అక్కడ మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఇక్కడికొస్తే మాత్రం మొదటి రోజు టెన్షన్ పడతారు.

కిందామీదా
ఏ సంస్థ కార్డు మంచిది? పాడీనా, ఎస్ఎస్ఐనా? జీయూఈ అనే సంస్థ వాళ్ల ఫండమెంటల్స్ కోర్సు అని ఒకటి ఉందట, అది చేస్తే అన్నీ వచ్చేస్తాయా?

ఎడారి_చేప
కార్డు మీద బొమ్మ కాదు తమ్ముడూ, నీళ్లలో నీ ముందున్న మనిషి. జీయూఈ ఫండమెంటల్స్ నిజంగా గట్టిది. బయాన్సీ, ట్రిమ్ (ఒళ్లు అడ్డంగా ఉంచడం), కాళ్ల కదలికల మీదే రోజులు పెడతారు, వీడియో తీసి తప్పులు చూపిస్తారు, పాస్ కాకపోతే కాలేదనే చెప్తారు. కానీ ఐదు డైవ్‌ల మనిషి అక్కడికి పరిగెత్తాల్సిన పని లేదు. ముందు మంచి రిఫ్రెషర్, అంటే నేర్చుకున్నవి మళ్లీ చేయించే క్లాసు, చేసుకో.

అలలపిట్ట
మంచి ఇన్‌స్ట్రక్టర్ అని డబ్బు కట్టకముందే ఎలా తెలుస్తుంది? అందరూ ఫోన్‌లో బాగానే మాట్లాడతారు.

తాబేలు_నడక
ఫోన్‌లో అడగండి, జవాబు కంటే జవాబు చెప్పే తీరు వినండి. నాతో పాటు ఎంతమంది ఉంటారు అని అడగండి. పాడీ నిబంధన ప్రకారం సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. అది పైహద్దు, మంచి సంఖ్య కాదు. నలుగురు దాటితే ఒకరిని చూస్తున్నంతసేపు మిగతావాళ్లు ఏం చేస్తున్నారో నాకు తెలియదు. ఒక స్కిల్ రాకపోతే ఏం చేస్తారు అని అడగండి. అందరికీ వచ్చేస్తుందండీ అంటే ఫోన్ పెట్టేయండి. ఇంకో రోజు తీసుకుందాం, దానికి ఇంత అవుతుంది అంటే మాట్లాడటం కొనసాగించండి. నేర్పేది ఎవరో, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వాళ్లే ఉంటారో లేదో అడగండి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు మారితే మీకు ఏది రాలేదో ఎవరికీ గుర్తుండదు. వెయిట్ చెక్, అంటే నడుముకి ఎంత బరువు చాలో చూడటం, ఎప్పుడు చేస్తారు అని అడగండి. ఈ ప్రశ్నకి తడబడితే ఇంకేం అడగక్కర్లేదు.

వీలైతే ఒక పూట ముందే వెళ్లి ఒడ్డున కూర్చోండి. డైవ్ అయ్యాక ఆ ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థులతో కూర్చుని ఎవరికి ఏది బాగా వచ్చింది, ఏది రాలేదు అని విడివిడిగా మాట్లాడుతున్నాడా, గేర్ కడగడానికి వెళ్లిపోతున్నాడా చూడండి. నా దృష్టిలో సగం చదువు ఆ పదిహేను నిమిషాల్లోనే ఉంటుంది.

రాయలసీమ_రాయి
వెయిట్ చెక్ ఎలా చేయాలో కూడా రాయన్నా, మాకు ఎవరూ చూపించలేదు.

భీమిలి_బీచ్
నేను రాస్తా. గేర్ అంతా వేసుకుని, కాలు అందని లోతులో, సిలిండర్ దాదాపు 50 బార్ ఉన్నప్పుడు చేయాలి. జాకెట్‌లో గాలి మొత్తం తీసేయాలి. రెగ్యులేటర్ నోట్లో ఉంచి, మామూలు ఊపిరి పీల్చి, నిటారుగా, కాళ్లు ఆడించకుండా ఉండాలి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. వదిలినా మునగకపోతే కిలో చేర్చండి, పీల్చినా మునిగిపోతుంటే కిలో తీయండి. నిండు సిలిండర్‌తో చేస్తే ఇందాక చెప్పిన రెండు కిలోల తేడా గుర్తుపెట్టుకుని కలుపుకోవాలి. పూల్ నుంచి సముద్రానికి వెళ్తే ఉప్పునీళ్లు ఎక్కువ తేలుస్తాయి, అలలపిట్ట గారిలా 58 కిలోలున్నవాళ్లకి ఇంకో రెండు కిలోల దాకా కావాలి.

ఇంకో లెక్క ఇస్తాను అలలపిట్ట గారూ. మన దగ్గర మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. మీరు వాడింది 150 బార్, అంటే 1650 లీటర్లు, 24 నిమిషాల్లో. సగటు లోతు 10 మీటర్లనుకుంటే, అక్కడ ఒత్తిడి రెట్టింపు కాబట్టి, నీటిపై లెక్కలో నిమిషానికి 34 లీటర్లు. ఈ అంకె రాసి పెట్టుకోండి. ఈ అంకె తగ్గించడానికి ఊపిరి పొదుపు చేయకండి, ఎప్పటికీ వద్దు. బరువు, వాలు, భయం సర్దుకుంటే అదే తగ్గుతుంది.

అలలపిట్ట
ఏడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అందరికీ చెప్పాలని ఆగలేకపోయాను.

హైదరాబాద్‌లోనే ఒక ఇన్‌స్ట్రక్టర్ దొరికారు. తాబేలు గారి ప్రశ్నలన్నీ అడిగాను. స్కిల్ రాకపోతే అన్న ప్రశ్నకి ఆయన, ఏది రాలేదో ముందు మీరు చెప్పండి అన్నారు. నాలుగు ఆదివారాలు పూల్‌లో నేనూ, ఇంకొకమ్మాయీ, ఆయన. మొదటి ఆదివారం మొత్తం బోర్లా పడుకుని ఊపిరి పీల్చడం, వదలడమే. ఆ రెండు క్షణాల ఆలస్యం అని రాశారు చూడండి, దాదాపు గంటకి అది నాకు తెలిసింది. పీల్చి, ఏమీ చేయకుండా ఆగాను, లేస్తున్నాను. వదిలి ఆగాను, దిగుతున్నాను. నా చేయి బటన్ మీద లేదు.

ఇంట్లో అమ్మ స్టీలు గంగాళం అటక మీద నుంచి దింపి ఇచ్చింది. రోజూ ఆఫీసుకి వెళ్లేముందు అందులో ముఖం పెడుతున్నాను, అమ్మ పక్కన నిలబడి లెక్కపెడుతుంది. డల్లాస్ తమ్ముడికి చాలా థ్యాంక్స్. మూడో ఆదివారం పూల్ మధ్యలో తేలుతూ మాస్క్ తీసి మళ్లీ పెట్టుకుని ఖాళీ చేశాను. కింద నేల మీటరున్నర దూరంలో ఉంది, తాకలేదు.

పోయిన శనివారం పుదుచ్చేరిలో దిగాను. పడవ పక్కనే వెయిట్ చెక్ చేస్తే 4 కిలోలు చాలన్నారు. సగటు లోతు 11 మీటర్లు, 41 నిమిషాలు, పైకొచ్చేసరికి 50 బార్. నిమిషానికి 19 లీటర్లు వచ్చింది, నేనే లెక్కేశాను. సేఫ్టీ స్టాప్‌లో కంప్యూటర్ 5.2, 4.9, 5.1 చూపిస్తోంది. మూడు నిమిషాలూ తాడు పట్టుకోలేదు. పక్క నుంచి చిన్న చేపల గుంపు ఒకటి వెళ్తుంటే కాళ్లు కదపకుండా చూస్తూ ఉండిపోయాను.

గోదారి_గట్టు
చాలా సంతోషం అమ్మా. నేను కూడా అదే హైదరాబాద్ పూల్‌కి వస్తాను, మెసేజ్ చెయ్యి.

కిందామీదా
నాకు కూడా. గంగాళం మా ఇంట్లో లేదు, బకెట్ సరిపోతుందా?

చెరువుగట్టు_డల్లాస్
వెడల్పు తొట్టి అయితే మంచిది. బకెట్ వద్దు, మెడ వంగి ఇబ్బంది.

భీమిలి_బీచ్
అలలపిట్ట గారూ, ఆ 4 కిలోలు లాగ్‌బుక్‌లో రాసుకున్నారా? వచ్చేసారి ఎవరో మళ్లీ ఎనిమిది కట్టబోతారు.

అలలపిట్ట
రాశాను. 4 కిలోలు, 3 మిల్లీమీటర్ల సూట్, అల్యూమినియం సిలిండర్, ఉప్పునీళ్లు.